నవ్విన సభ నుంచి మేయర్ కుర్చీ దాకా

మళ్ళీ బుసైతీన్ నుంచి నేనే. ఈసారి కొంచెం చరిత్ర రాస్తున్నాను. తప్పులుంటే ఎప్పటిలాగే చెప్పండి, దిద్దుకుంటాను.

మొన్న ఉగాదికి ఒకచోట నన్ను తెలుగులో నాలుగు మాటలు మాట్లాడమన్నారు. నేను "మా తాతయ్య వచ్చింది" అన్నాను. అందరూ నవ్వారు. నవ్విన వాళ్ళు మంచివాళ్ళే. కానీ ఇంటికి వచ్చేదాకా కారులో నేను ఒక్క తెలుగు మాట మాట్లాడలేదు. అప్పుడు నాన్న ఒక పేరు చెప్పారు: మాడపాటి హనుమంతరావు. "హైదరాబాదుకు మొదటి మేయర్. ఆయన దారిలో కూడా ఇలాంటి నవ్వు ఒకటి ఉంది, చదువు" అన్నారు. చదివాను.

హనుమంతరావు గారు 1885లో కృష్ణా జిల్లాలో పుట్టారు. బతుకులో ఎక్కువ భాగం నిజాం రాజ్యంలోనే గడిచింది. ఆ రాజ్యంలో సుమారు సగం మంది తెలుగువాళ్ళు. కానీ ఆఫీసులో, కోర్టులో, బడిలో ఉర్దూ. ఆయనకు ఉర్దూ, పారసీ బాగా వచ్చు. అనువాదకుడిగా ఉద్యోగం చేశారు, తర్వాత వకీలు అయ్యారు. కాబట్టి ఆయనకు ఉర్దూ మీద కోపం లేదు. అది ఆయన అన్నం పెట్టిన భాష.

1921 నవంబరులో హైదరాబాదులో ఒక సంఘ సంస్కరణ సభ జరిగింది. అధ్యక్షుడు ధోండో కేశవ్ కర్వే. 1916లో ఆడవాళ్ళ కోసం విశ్వవిద్యాలయం పెట్టిన మహారాష్ట్ర పెద్దమనిషి. ఆ సభలో ఇంగ్లీషులో, ఉర్దూలో, మరాఠీలో మాట్లాడారు. ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు లేచి తెలుగులో మాట్లాడారు. సభలో గోల చేశారు, ఎగతాళి చేశారు.

ఆయన తెలుగులో తప్పు లేదు. నా తెలుగులో ఉంది. అయినా ఆ గోల ఎలా వినిపించిందో నాకు తెలిసినట్టే అనిపించింది.

బాధపడిన కొందరు తెలుగువాళ్ళు వెంటనే ఒకచోట కూడి ఆంధ్ర జనసంఘం పెట్టారు. అప్పట్లో "ఆంధ్ర" అంటే తెలుగు అనే అర్థం. ఆ కొద్దిమందిలో హనుమంతరావు గారు ఒకరు. తర్వాత సంఘం పని చాలావరకు ఆయన మీదే పడింది.

ఏం పని? నాకు బాగా నచ్చింది ఇదే. పెద్ద ఉపన్యాసాలు కాదు. ఊళ్ళలో గ్రంథాలయాలు పెట్టించడం. వెట్టి గురించి చిన్న పుస్తకాలు వేయడం. అధికారులకు అర్జీలు రాయడం. అప్పుడు సభ పెట్టాలన్నా ప్రభుత్వం అనుమతి కావాలి. ఆ ఉత్తర్వును గస్తీ నిషాన్ 53 అనేవారు. అందుకే మెల్లగా, చట్టం దాటకుండా నడిచారు.

1928లో హైదరాబాదు నారాయణగూడలో ఆడపిల్లలకు తెలుగులో చదువు చెప్పే బడి పెట్టారు. ఇక్కడ ఒక చిక్కు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువు ఉర్దూలో. మరి తెలుగులో చదివిన పిల్లల పరీక్షకు గుర్తింపు ఎవరిస్తారు? పూనాలో కర్వే గారి విశ్వవిద్యాలయం ఇచ్చింది. ఎవరి అధ్యక్షతన జరిగిన సభలో తెలుగును ఎగతాళి చేశారో, ఆయన సంస్థే తెలుగు బడికి తలుపు తీసింది. ఇది చదివి కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను.

1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. 1935లో సిరిసిల్ల సభకు హనుమంతరావు గారే అధ్యక్షుడు. కానీ అందరికీ ఆయన దారి నచ్చలేదు. అర్జీలతో వెట్టి పోదని యువకులు అన్నారు. 1944లో భువనగిరిలో మహాసభ రెండుగా చీలింది. యువకులు అన్నదాంట్లో నిజం ఉంది. పల్లెల్లో వెట్టిని ఎదిరించి నిలబడింది రైతులు, కూలీలు. కానీ చదవడం నేర్పిన గ్రంథాలయాలు లేకపోతే అంతమంది ఒక్కటయ్యేవారా? నాకు అనుమానమే.

1948లో నిజాం పాలన పోయింది. 1951లో హనుమంతరావు గారు హైదరాబాదు మేయర్ అయ్యారు. అప్పటికి ఆయనకు 66 ఏళ్ళు. 1954 దాకా ఉన్నారు. 1955లో పద్మభూషణ్ వచ్చింది. 1958 నుంచి 1964 దాకా ఆంధ్రప్రదేశ్ శాసనమండలికి అధ్యక్షుడు. 1970లో చనిపోయారు. జనం ఆయన్ను "ఆంధ్ర పితామహుడు" అన్నారు.

ఆ సభ నుంచి మేయర్ కుర్చీకి 30 ఏళ్ళు పట్టింది. ఆ 30 ఏళ్ళూ ఆయన కుర్చీ కోసం ఎదురుచూడలేదు. బడి, గ్రంథాలయం, అర్జీ, ఇవే చూసుకున్నారు. నగరాన్ని నడపడం అంటే కూడా చివరికి ఇలాంటి పనులే కదా.

వచ్చే ఉగాదికి మళ్ళీ మాట్లాడతానని నాన్నకు చెప్పాను. తాతయ్య ఈసారి "వచ్చారు".

ఈ వారం నేర్చుకున్న మాటలు:
వెట్టి: కూలి ఇవ్వకుండా బలవంతంగా చేయించుకునే పని.
అర్జీ: అధికారికి రాసే విన్నపం.
పితామహుడు: తాత. గొప్ప పని మొదలుపెట్టిన పెద్దను కూడా అలా అంటారు.

మీ తెలుగు విని ఎవరైనా నవ్వారా? ఆ తర్వాత మీరేం చేశారు? తెలుగులోనే రాయండి. తప్పులున్నా పరవాలేదు.