దీపం ఆరిన ఊరు: వారమ్ పెర్సీ

మీ ఊరి పొలిమేరలో పాటిదిబ్బ అని పిలిచే చోటు ఉందా? ఎప్పుడో జనం కాపురమున్న ఊరు పాడుపడి, గోడలు కరిగి, దిబ్బగా మిగిలిన చోటు అది. ఆ మన్ను పొలానికి బలమని మన రైతులు బండ్లకెత్తి తోలుకుంటారు. హైదరాబాదు సంస్థానపు రెవెన్యూ లెక్కల్లోనూ, కర్ణాటక, మహారాష్ట్ర జిల్లాల లెక్కల్లోనూ ఇలాంటి ఊరిని బేచిరాగ్ అని రాసేవారు. చిరాగ్ అంటే దీపం. సాయంత్రం దీపం పెట్టే ఇల్లు ఒక్కటీ లేని ఊరన్నమాట. పేరుంటుంది, ఎల్లలుంటాయి, శిస్తు కూడా ఉంటుంది. మనిషి మాత్రం ఉండడు.

ఇంగ్లండులోనూ ఇలాంటి ఊళ్ళున్నాయంటే మనకు వింతగా తోస్తుంది. ఒకటీ రెండూ కాదు, సుమారు 3,000 ఉన్నాయని అక్కడి పండితుల లెక్క. వాటిలో అన్నిటికంటె లోతుగా తవ్వి చూసిన ఊరు వారమ్ పెర్సీ. మన సోమవారం, మంగళవారాలకూ ఈ పేరుకూ చుట్టరికం లేదు లెండి. వారమ్ అన్నది ఊరి పాతపేరు. పెర్సీ అన్నది దాన్ని ఏలిన దొరల ఇంటిపేరు. ఆ ఊరి దీపం ఎవరు ఆర్పారు? ఈ సంగతే ఈ పూట మీతో ముచ్చటించదలచుకున్నాను.

ఇంగ్లండుకు ఉత్తరాన యార్క్‌షైర్ అనే ప్రాంతం ఉంది. అందులో వోల్డ్స్ అని సుద్దరాతి గుట్టలు. మాల్టన్ అనే చిన్న పట్టణానికి కొద్ది మైళ్ళ దూరంలో, ఆ గుట్టల పడమటి అంచున, ఒక లోయ పక్కన ఈ ఊరుండేది. సుద్దనేలలో నీళ్ళు నిలవవు. ఇక్కడ మాత్రం లోయలో ఊటలున్నాయి. నీళ్ళున్న చోట ఊరు పుట్టడం ఎక్కడైనా ఉన్నదే. క్రీస్తుకు ముందునుంచే అక్కడ సేద్యం చేసేవారున్నారు. రోమన్లు ఏలిన రోజుల్లోనూ కమతాలు ఉన్నాయి. 1086లో రాజు విలియం దేశమంతటా భూముల లెక్క రాయించినప్పుడు ఈ ఊరి పేరు కూడా దస్తరంలోకి ఎక్కింది.

తరువాతి రెండు శతాబ్దాలూ ఊరికి మంచిరోజులు. ఇళ్ళు వరుసలు వరుసలుగా కట్టారు. ప్రతి ఇంటికీ వెనుక పొడవాటి పెరడు. దొరలవి రెండు మేడలు, సెయింట్ మార్టిన్ పేరిట ఒక చర్చి, నీటితో తిరిగే పిండిమర, చేపల చెరువు. సుమారు నలభై ఇళ్ళ ఆనవాళ్ళు నేలమీద ఈనాటికీ కనబడతాయి. రైతులకు పొడవాటి పట్టీలుగా భూములుండేవి. కాని వారిలో చాలామంది స్వతంత్రులు కారు. దొర సొంత సేద్యానికి వారంలో ఇన్ని రోజులని ఊరికే పనిచేసిపెట్టాలి. మన పెద్దలు వెట్టి అన్నది అదే. దొర ఒప్పుకోనిదే ఊరు విడిచి పోవడానికీ లేదు.

ఆ రైతుల బతుకు ఎలా ఉండేదో చర్చి దగ్గరి మట్టి చెప్పింది. అక్కడ 687 మంది అస్థిపంజరాలు బయటపడ్డాయి. వాటిని పరీక్షించినవారు చెప్పిన మాటలు వింటే మనసు బరువెక్కుతుంది. ఆనాటి పద్నాలుగేళ్ళ పిల్లవాడు ఈనాటి పదేళ్ళ పిల్లవాడంత ఎత్తే ఉండేవాడట. తిండి చాలక, జబ్బులు వదలక ఎదుగుదల ఆగిపోయింది. మరొక సంగతీ ఉంది. తల్లులు బిడ్డలకు సుమారు ఏడాదిన్నర దాకా పాలిచ్చేవారని ఎముకల్లోని రసాయనాలను బట్టి తేల్చారు. పెద్దవాళ్ళు ఏమీ రాసిపెట్టకుండానే పోయారు, కాని వాళ్ళ పెంపకం మాత్రం ఎముకల్లో మిగిలింది.

వెయ్యేళ్ళ నాటి ఒక రైతు తలపుర్రె కథ ఇంకా విచిత్రం. మొద్దుబారిన ఆయుధమేదో తగిలి పుర్రె లోపలికి కుంగింది. ఎవరో నేర్పరి చర్మం ఎత్తి, ఎముక కొంత తీసివేసి, లోపలి ఒత్తిడి తగ్గించాడు. గాయం మానింది, మనిషి బతికాడు. అలాంటి వైద్యం గొప్పవాళ్ళకే అందేదని అనుకుంటాం. ఇక్కడ పల్లెటూరి రైతుకే అందింది.

2017లో ఇంకొక పరిశోధన వెలువడింది. కనీసం పదిమంది ఎముకల మీద కత్తిగాట్లు, కాల్చిన గుర్తులు కనిపించాయి. చచ్చినవాళ్ళు లేచి వచ్చి ఊరిని పీడిస్తారన్న భయంతో శవాలను ఇలా చేసి ఉంటారని పండితుల ఊహ. దయ్యాల భయం మన పల్లెలకే సొంతమనుకునేవారు ఈ మాట గమనించాలి.

సరే, ఊరు ఎలా పోయింది? ఇంగ్లండు సామాన్య జనాన్ని అడిగితే మహమ్మారి వల్ల అంటారు. నల్లచావు అని పేరుపడ్డ ప్లేగు 1349లో యార్క్‌షైర్‌ను పట్టింది. అంతకుముందే 1315 మొదలు 1317 దాకా వానలు వదలక, పంటలు కుళ్ళి, ఘోరమైన కరువొచ్చింది. ఆపైన స్కాట్లండు సేనలు వచ్చి ఆ ప్రాంతాన్ని దోచాయి. ఇన్ని దెబ్బలు తిన్నా ఊరు చావలేదు. ప్లేగు పోయిన దాదాపు ఇరవై ఏళ్ళకు, 1368లో, అక్కడ సుమారు ముప్పై ఇళ్ళలో కాపురాలున్నాయి. కాబట్టి దోషమంతా మహమ్మారి మీద వేయడం న్యాయం కాదు. అలా వేస్తే మరొకరు తప్పించుకుపోతారు.

అసలు కథ ఆ తరువాతిది. జనం తగ్గడంతో ధాన్యం తినేవాళ్ళు తగ్గారు, ధర పడిపోయింది. కూలివాళ్ళు తగ్గారు, కూలి పెరిగింది. అదే కాలంలో ఇంగ్లండు ఉన్నికీ, ఉన్ని బట్టకూ గిరాకీ ఉంది. దొరలు లెక్క చూసుకున్నారు. వంద ఎకరాలు దున్నాలంటే ఎన్నో కుటుంబాలు కావాలి. అదే వంద ఎకరాలు గొర్రెలకు వదిలితే ఒక కాపరి, ఒక కుక్క చాలు.

1403 ప్రాంతంలో పెర్సీలు ఈ ఊరిని హిల్టన్ వంశం వారికి మార్పిడి కింద ఇచ్చారు. కొత్త దొరల సొంత ఊళ్ళు ఎక్కడో దూరాన ఉన్నాయి. 1458 నాటికి ఊరిలో పదహారు ఇళ్ళే మిగిలాయి. కొందరు మంచి భూములు దొరికే చోటుకి వాళ్ళంతట వాళ్ళే వెళ్ళి ఉంటారు. చివరికి మిగిలిన నాలుగు కుటుంబాలను మాత్రం దొరే వెళ్ళగొట్టాడు. రాజు ఎనిమిదవ హెన్రీ కాలంలో, 1517లో, సర్కారు విచారణ జరిపించింది. ఏ దొర ఎన్ని ఇళ్ళు కూల్చాడు, ఎన్ని నాగళ్ళు ఆపాడు అని అడిగారు. వారమ్ పెర్సీ పేరుకు ఎదురుగా రాసుకున్నది క్లుప్తంగా ఇంతే: నాలుగు ఇళ్ళు, నాలుగు నాగళ్ళు, బారన్ హిల్టన్. వెళ్ళిపోయినవాళ్ళ పేర్లు రాయలేదు. ఆ ముందటి ఏడాదే థామస్ మోర్ అనే పండితుడు తన యుటోపియా పుస్తకంలో ఈ గొర్రెల వ్యవహారాన్ని గట్టిగా ఎత్తిపొడిచాడు. గొర్రెలు మాత్రం మేస్తూనే ఉన్నాయి.

ఊరు పోయినా చర్చి పోలేదు. చుట్టుపక్కల పల్లెలకు అదే దిక్కు కావడంతో శతాబ్దాల తరబడి జనం అక్కడికే నడిచి వచ్చేవారు. ఆ కట్టడం చూస్తే ఊరి జాతకం చదివినట్టే. జనం పెరిగిన రోజుల్లో రెండు పక్కలా వసారాలు పెంచారు. తగ్గాక వాటిని కూల్చి, కమానులను రాళ్ళతో పూడ్చారు. పూడ్చిన ఆ కమానులు గోడల్లో ఇప్పటికీ తెలుస్తాయి. పంతొమ్మిదో శతాబ్దంలో పక్కన థిక్సెన్‌డేల్ పల్లెకు సొంత చర్చి వచ్చింది. ఇక్కడ చివరి ఆరాధన 1949లో జరిగింది. తరువాత కప్పు పోయింది, గోపురంలో ఒక భాగం కూలింది.

దాదాపు అదే సమయానికి, 1948లో, మారిస్ బెరెస్‌ఫోర్డ్ అనే ఆర్థిక చరిత్రకారుడు ఆ గుట్టల మీదికి వచ్చాడు. పాడుపడ్డ ఊళ్ళు ఇంగ్లండులో అరుదని పెద్ద పండితులే అంటున్న కాలమది. ఆయన పాత దస్తావేజులు పట్టుకుని పొలాల్లో తిరిగి, గడ్డి కింద మిట్టపల్లాలే ఇళ్ళ ఆనవాళ్ళని చూపించాడు. తరువాత జాన్ హర్స్ట్ అనే పురావస్తు పండితుడు తోడయ్యాడు. 1950 నుంచి 1990 దాకా, ప్రతి వేసవిలోనూ, జీతం లేని ఔత్సాహికులతో తవ్వకాలు సాగాయి. నలభై ఏళ్ళు! కోటల కోసం, బంగారం కోసం కాదు. రైతు గోడ ఎక్కడుంది, పొయ్యి ఎక్కడుంది అని.

ఇంత చూసినా వారి అభిప్రాయాలు మారాల్సి వచ్చింది. పేదరైతుల ఇళ్ళు తరానికొకసారి కూలిపోయే గుడిసెలని మొదట అనుకున్నారు. 1980లలో మళ్ళీ పరిశీలిస్తే వేరే సంగతి తేలింది. వంపు తిరిగిన దూలాలు జతలుగా నిలబెట్టి, వాటి మీదే కప్పు బరువు మోపేవారు. మధ్య గోడలను మాత్రం ఎప్పటికప్పుడు మార్చేవారు. ఇల్లు నిలిచింది, గోడలు మారాయి. మట్టిగోడల ఇళ్ళు కట్టుకున్నవారికి ఈ మాట వివరించి చెప్పనక్కరలేదు.

తవ్వకాలు ఆగాక కాగితాల పని మిగిలింది. దొరికినవన్నీ వరుసగా పుస్తకాలుగా వేస్తూ వచ్చారు. హర్స్ట్ 2003లో, బెరెస్‌ఫోర్డ్ 2005లో కన్నుమూశారు. పదమూడవది, చివరిది అయిన సంపుటం 2012లో వెలువడింది. ఊరిప్పుడు ఇంగ్లీష్ హెరిటేజ్ అనే సంస్థ సంరక్షణలో ఉంది. టిక్కెట్టు లేదు. బండి దూరాన ఆపి, ముప్పావు మైలు నడిచి వెళ్ళాలి. కప్పులేని చర్చి, ఊటనీళ్ళతో నిండిన చెరువు, గడ్డి కప్పిన ఇళ్ళ వరుసలు కనబడతాయి.