సేవ్ నొక్కాక

నెలాఖరు సాయంత్రం, ఐదు దాటింది. విజయవాడ ఆటోనగర్‌లో ఒక సిమెంటు డిపో. గేటు లోపల లోడైన లారీలు వరసగా ఆగి ఉన్నాయి. టార్గెట్ సరుకంతా ఈ రాత్రికే కదలాలి. బిల్లు సేవ్ అయితేనే ఈ-వే బిల్లు వస్తుంది. 50,000 రూపాయలు దాటిన సరుకు అది లేకుండా రోడ్డెక్కకూడదు. బిల్లింగ్ సీట్లో ఉన్న అమ్మాయి సేవ్ నొక్కింది. తెర మీద చక్రం తిరుగుతోంది. ఇంకా తిరుగుతూనే ఉంది. కిటికీ అవతల డ్రైవరు కాగితం కోసం చెయ్యి చాపి నిలబడ్డాడు. ఆమె సపోర్టుకు ఫోన్ చేసింది.

"సార్, సిస్టమ్ బాగా స్లోగా ఉంది."

"మా దగ్గర అంతా గ్రీన్‌గానే ఉంది మేడమ్."

ఆ గ్రీన్ సంగతి తెలియాలంటే ఆ సిస్టమ్‌ను చూసుకునే హైదరాబాద్ మాదాపూర్ ఆఫీసుకు రండి. గోడ మీది తెరలో సగటు రెస్పాన్స్ టైమ్ 2 సెకన్ల లోపే ఉంది. 100 క్లిక్కుల్లో 95 ఒక్కోటి సెకనులో తెమిలి, మిగతా 5 ఒక్కోటి 20 సెకన్లు తీసుకున్నా సగటు 1.95 దాటదు. ఆ ఐదూ ఏ డిపోవో తెర చెప్పదు. పైగా ఇది సర్వర్ లోపలి లెక్క. ఆటోనగర్ నుంచి వచ్చే లైనుకూ డిపోలోని పాత పీసీకీ పట్టే టైము ఇందులో లేనే లేదు.

అందుకే కొలత ఆ పీసీ దగ్గరికే వెళ్లింది. సేవ్ నొక్కిన క్షణం నుంచి బిల్లు నంబరు కనబడేదాకా ఎంత పట్టిందో చూస్తారు. ఆ డిపో క్లిక్కులను విడిగా తీసుకుని, సగటుకు బదులు 95వ పర్సంటైల్, అంటే 100లో 95 ఎంత టైము లోపు తెమిలాయో చూస్తారు. కొన్ని నెలల డేటా చేరాక గ్రాఫ్ చూడండి. పొద్దున పదింటికి కాస్త లేస్తుంది, భోజనాల వేళ దిగుతుంది, నెలాఖరు సాయంత్రం నిటారుగా ఎక్కుతుంది. వీటన్నిటికీ ఒకే బేస్‌లైన్, అంటే మామూలుగా ఇంతే పడుతుందనే గీత, గీస్తే పదో తేదీన వచ్చిన అసలు లోపం కనబడదు, నెలాఖరున అలారం ఊరికే మోగుతుంది. నెలాఖరును నెలాఖరుతోనే పోల్చాలి. ఏ డిపోకు ఆ డిపో, బిల్లింగ్ వేరు, రిపోర్టులు వేరు. కేబుల్ తెగిన రోజును లెక్కలోంచి తీసెయ్యాలి.

అసలు ప్రమాదం ఇంకోటుంది. ఈ కొలతలు చూసే మానిటరింగ్ టూల్ ఇటీవలి రోజులను చూసి బేస్‌లైన్‌ను దానంతటదే సవరించుకుంటుంది. సిస్టమ్ వారానికి కొంచెం చొప్పున నెమ్మదిస్తే ఆ నెమ్మదే మామూలైపోతుంది. అలారం మోగదు. డిపోలో అమ్మాయి కూడా ఫోన్ చేయడం మానేస్తుంది. ఆమె ఓర్చుకున్నదంతా మన లెక్కల్లో బాగున్నట్టు నమోదు కావడం అన్యాయం. 10 సెకన్లు దాటితే మనిషి దృష్టి వేరే పని మీదికి పోతుందని యూజబిలిటీ నిపుణుడు జేకబ్ నీల్సన్ 1993లోనే రాశాడు. కాబట్టి టూల్ నేర్చుకున్న గీత పక్కన, అది జరపలేని గీత ఇంకొకటి ఉండాలి.

ఆ గీత ఎక్కడ గీయాలో అడగడానికి ఇంజనీరు డిపోకు ఫోన్ చేశాడు.

"మేడమ్, ఒక్కో బిల్లుకు ఎన్ని సెకన్లు దాటితే మీ దగ్గర లారీలు ఆగిపోతాయి?"

"ఎనిమిది సార్. అంతకు మించితే మాత్రం కష్టం."

అతను 8 అని టైప్ చేశాడు. నెలాఖరు సాయంత్రాలకూ అదే ఉంచాడు.