నిందాస్తుతి

భగవంతుని తిడుతున్నట్లు, దెప్పిపొడుస్తున్నట్లు సాగే భక్తి రచనను నిందాస్తుతి అంటారు. తెలుగులో దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ భద్రాచల రామదాసు కీర్తనలు.

రామదాసు కీర్తనలు

17వ శతాబ్దానికి చెందిన రామదాసు అసలు పేరు కంచెర్ల గోపన్న. స్వస్థలం నేలకొండపల్లి. గోల్కొండ సుల్తాను తానీషా కాలంలో పాల్వంచ పరగణాకు తహసీల్దారుగా ఉండి భద్రాచలంలో రామాలయం నిర్మించాడు. భద్రాచలం గోదావరి ఒడ్డున, బూర్గంపాడు మండలంలోని సారపాకకు ఎదురుగా ఉంది. శిస్తు సొమ్మును ఆలయానికి ఖర్చు చేశాడన్న అభియోగంపై గోపన్నను గోల్కొండ కోటలో బంధించారు. పన్నెండేళ్ళు చెరలో ఉన్నాడని ప్రతీతి.

చెరసాల కీర్తనలుగా పేరొందిన వాటిలో ఒకదానిలో ఆయన తాను చేయించిన నగలను ఒక్కొక్కటిగా లెక్కచెప్పి, అవి ఎవరి సొమ్మని రాముణ్ణే నిలదీస్తాడు. చివరకు దెబ్బలకు ఓర్వలేక తిట్టానని మన్నింపు వేడుకుంటాడు.

సందేహము, విశ్వాసము

దేవుడు ఉండి కూడా ఎందుకు పలకడన్నదే నిందాస్తుతిలోని ప్రశ్న. 18వ శతాబ్దంలో గోగులపాటి కూర్మనాథకవి పరసేనల దాడి సందర్భంగా సింహాద్రి నారసింహ శతకంలో స్వామిని ఇలాగే ప్రశ్నించాడు. వినేవాడు ఉన్నాడన్న నమ్మకమే ఈ నిందకు ఆధారం. కాబట్టి ఇది నాస్తికత్వానికి భిన్నమైనది. ఆ నమ్మకాన్నే కాదన్న గోరా (1902–1975), సరస్వతి దంపతులు 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రాన్ని స్థాపించారు.