వారం కిస్తీ, రూపాయి వడ్డీ: పేదవాడి అప్పు ఎవరి చేతిలో ఉండాలి?

టాలట్‌లో ఏ గదిలో నలుగురు తెలుగువాళ్లం కూడినా మాట చివరికి అప్పు దగ్గరికే వస్తుంది. ఏజెంటుకు కట్టిన డబ్బు, వీసా ఖర్చు, విమానం టికెట్టు, ఊళ్లో అమ్మ పేరు మీద తెచ్చిన గ్రూపు లోను. ఈ మధ్య మనవాళ్లు కొందరు "మనమే ఒక నిధి పెట్టుకుందాం, బయటివాళ్ల డబ్బు కూడా తెచ్చి పెద్దది చేద్దాం" అంటున్నారు. మంచి ఆలోచనే. కానీ ఇదే పని మన ఊళ్లలో ఎలా మొదలైందో, ఎక్కడ విరిగిందో ముందు గుర్తు చేసుకుందామని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. సారాకు పోయే డబ్బులో రోజుకో రూపాయి దాచుకోమంటూ ఆ జిల్లాలోనే "పొదుపు లక్ష్మి" మొదలైంది. 1982 నుంచి ఉన్న డ్వాక్రా గ్రూపులకు దీంతో ఊపు వచ్చింది. ముందు పొదుపు, తర్వాత అప్పు, ఆ తర్వాత బ్యాంకు లోను. ఎవరికి ముందు ఇవ్వాలో తేల్చుకునేది గ్రూపులో వాళ్లే. 2004 నుంచి సరిగ్గా కట్టిన గ్రూపులకు ప్రభుత్వం పావలా వడ్డీ ఇచ్చింది. అంటే ఏడాదికి నూటికి మూడు రూపాయలు.

అదే కాలంలో ఇంకో దారి పడింది. 1997లో విక్రమ్ ఆకుల ఎస్‌కేఎస్ అనే సంస్థ పెట్టి మెదక్ జిల్లా నారాయణఖేడ్ ప్రాంతంలో పని మొదలుపెట్టారు. అప్పటికి అది విరాళాలతో నడిచే స్వచ్ఛంద సంస్థ. ఐదుగురు ఆడవాళ్లు ఒక గ్రూపు, ఒకరికొకరు పూచీ, వారం వారం కిస్తీ. బ్యాంకు మెట్టు ఎక్కనివ్వని మనిషికి తాకట్టు లేకుండా అప్పు దొరికింది. ఆ మేలు కాదనలేం. కానీ విరాళాలతో ఎంతమందికని ఇవ్వగలరు? అందుకని 2005 తర్వాత అది కంపెనీ అయింది, పెట్టుబడిదారులు వచ్చారు. లాభమూ రావాలి, పేదలకు మంచీ జరగాలి అనే ఈ రకం పెట్టుబడికి 2007లో "ఇంపాక్ట్ ఇన్వెస్టింగ్" అని పేరు కూడా పెట్టారు. 2010 ఆగస్టులో ఎస్‌కేఎస్ షేర్లు మార్కెట్‌కు వచ్చాయి. 985 రూపాయల షేరుకు జనం ఎగబడ్డారు. 1,600 కోట్లకు పైగా వచ్చింది.

మేము సైటులో రోజూ చూసేదే ఇది: రెండంతస్తులకు వేసిన పునాది మీద పదంతస్తులు లేపితే, లోపం పైకి కనబడదు, కింద మొదలవుతుంది. ఇక్కడా అంతే. ఒకే ఊళ్లో నాలుగైదు కంపెనీలు తిరిగాయి. ఒక కంపెనీ కిస్తీ కట్టడానికి ఇంకో కంపెనీలో అప్పు చేశారు. వడ్డీ నెలకు నూటికి రెండు రూపాయలు, ఒక్కోచోట అంతకు పైనే. 2006లోనే కృష్ణా జిల్లాలో వసూళ్ల తీరు మీద గొడవై, అధికారులు దాదాపు 50 బ్రాంచీలు మూయించారు. ఆ హెచ్చరికను ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

మేమప్పుడు డిప్లొమా ముగించుకున్న కుర్రాళ్లం. మాలో కొందరి ఇంటి అరుగు మీదే వారం మీటింగు జరిగేది. ఒకామె డబ్బు తేకపోతే మిగతా నలుగురినీ కదలనిచ్చేవారు కాదు. పక్కింటావిడే ఆమెను నిలదీసేది. ఏళ్ల స్నేహం ఒక్క పూటలో పోయేది.

అప్పుల ఒత్తిడితో ఆత్మహత్యలు జరిగాయని పత్రికలు రాశాయి, తమ వల్ల కాదని కంపెనీలు అన్నాయి. 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. వారం కిస్తీ వద్దు, నెలకే వసూలు, అదీ పంచాయతీ దగ్గరే అంది. దాంతో రాష్ట్రంలో వసూళ్లు దాదాపు ఆగిపోయాయి. 2011లో రిజర్వు బ్యాంకు వేసిన మాలేగాం కమిటీ, ఒక మనిషికి రెండు కంపెనీలకు మించి అప్పివ్వొద్దని చెప్పింది. ఆ ఏడాదే విక్రమ్ ఆకుల కంపెనీ నుంచి తప్పుకున్నారు. కంపెనీల అప్పు ఆగిపోయిన ఊళ్లలో చాలామంది మళ్లీ వడ్డీ వ్యాపారి గడపే తొక్కారు. అదీ మరచిపోకూడదు.

ఇక మనం బతుకుతున్న దేశం సంగతి. 1950ల్లో ఐర్లాండ్ నుంచి నాలుగు లక్షల మంది దాకా వలస పోయారు. ఎంతోమంది ఇంగ్లండులో మనలాగే కట్టుబడి పని చేశారు. ఇక్కడ మిగిలినవాళ్లను వడ్డీ వ్యాపారులు పీడించేవారు. కార్క్ వైపు పుట్టి డబ్లిన్‌లో పాఠాలు చెప్పిన టీచరమ్మ నోరా హెర్లిహీ, షాన్ ఫోర్డ్, షేమస్ మెకోయిన్ కలిసి దారి వెతికారు. 1958లో డబ్లిన్ డోనోర్ అవెన్యూలో, డన్ లీరీలో మొదటి క్రెడిట్ యూనియన్లు తెరిచారు. 1966లో దానికి చట్టం వచ్చింది. వడ్డీ నెలకు నూటికి ఒక్క శాతం దాటకూడదన్నారు. మన లెక్కలో రూపాయి వడ్డీ! ఎంత డబ్బు దాచినా ఒక మనిషికి ఒకే ఓటు. ఇది కూడా పెరిగింది, దేశమంతా పాకింది. కానీ ఒక్కటే కొండలా పెరగలేదు, ఊరికొకటిగా పెరిగింది.

మన దగ్గరా ఆ రకం లేకపోలేదు. పాత కరీంనగర్ జిల్లా ముల్కనూరు రైతుల సహకార సంఘం 1956 నుంచి సభ్యుల చేతుల్లోనే నడుస్తోంది. సంక్షోభం తర్వాత 2011లో మహిళా సమాఖ్యలు, ప్రభుత్వం కలిసి స్త్రీనిధి పెట్టాయి. గ్రూపు ఫోన్‌లో అడిగితే 48 గంటల్లో అప్పు అందేలా దాన్ని తీర్చిదిద్దారు.

కాబట్టి పెద్దది కావడం తప్పని మేము అనడం లేదు. ఎస్‌కేఎస్‌లో సభ్యుల పేర ట్రస్టులకు కొన్ని షేర్లున్నా, పగ్గాలు వాళ్ల చేతిలో లేవు. తేడా అంతా అక్కడే ఉంది. మన నిధి విషయంలోనూ మూడు ప్రశ్నలు అడుగుదాం. డబ్బు ఎవరిది? ఓటు ఎవరిది? పని పోయి కట్టలేని నెల వస్తే ఏం చేస్తారు? మూడోదానికి కాగితం మీద జవాబు లేకపోతే సంతకం పెట్టొద్దు.

అంతదాకా ఒక మాట. టాలట్‌లో క్రెడిట్ యూనియన్ ఉంది. ఆ ప్రాంతంలో ఉంటున్నా, పని చేస్తున్నా చేరొచ్చు. పాస్‌పోర్టు, అడ్రస్ కాగితం, పీపీఎస్ నంబరు పట్టుకుని వెళ్లండి. వారానికి ఐదు యూరోలైనా మీ పేరు మీద వేయండి. మన అమ్మలు రోజుకో రూపాయితోనే మొదలుపెట్టారు.