క్లిఫర్డ్ బీర్స్: రోగి సాక్ష్యం నుంచి సంస్థా నిర్మాణం వరకు

అమెరికాలో మానసిక ఆరోగ్య విధానాన్ని ప్రభావితం చేసిన స్వచ్ఛంద సంస్థల చరిత్రలో క్లిఫర్డ్ బీర్స్ (1876–1943)ది విశిష్ట స్థానం. ఆయన వైద్యుడు కాదు, శాసనకర్త కాదు. మూడేళ్లు మానసిక చికిత్సాలయాల్లో గడిపిన రోగి. ఆ అనుభవాన్ని ఆయన నిలకడైన సంస్థగా మలిచిన తీరు, అందుకు చెల్లించిన మూల్యం రెండూ పరిశీలించదగినవి.

కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూహేవెన్‌లో పుట్టిన బీర్స్ 1897లో యేల్ విశ్వవిద్యాలయం నుంచి పట్టభద్రులయ్యారు. అన్నకు మూర్ఛవ్యాధి వచ్చిన నాటినుంచి తనకూ వస్తుందన్న భయం ఆయనను పీడించింది. 1900లో ఆత్మహత్యకు ప్రయత్నించి బతికి బయటపడ్డాక 1903 వరకు మూడు ఆసుపత్రుల్లో ఉన్నారు. వాటిలో రెండు ప్రైవేటువి, ఒకటి ప్రభుత్వానిది. డబ్బు కట్టిన చోటా, కట్టని చోటా బలప్రయోగం తప్పలేదు. చేతులు కదలకుండా బిగించికట్టే చొక్కా తొడిగి రాత్రంతా అలాగే వదిలేసేవారు. వార్డు సహాయకులు కొట్టేవారు. ఉద్రేకపూరిత రోగుల వార్డులో ఏం జరుగుతుందో కళ్లారా చూడాలని బీర్స్ కావాలనే అక్కడికి చేరారు. ఆసుపత్రి నుంచే రాష్ట్ర గవర్నరుకు ఫిర్యాదు లేఖ రాశారు.

కోలుకున్నాక ఆయన రాసిన ఆత్మకథ ‘ఎ మైండ్ దట్ ఫౌండ్ ఇట్‌సెల్ఫ్’ 1908లో వెలువడింది. ఒకప్పటి రోగి మాటను లోకం నమ్మదని ఆయనకు తెలుసు. అందుకే అచ్చుకు ముందే రాతప్రతిని తత్వవేత్త విలియం జేమ్స్‌కు, మనోవైద్యుడు అడాల్ఫ్ మేయర్‌కు చూపించారు. జేమ్స్ లేఖ పుస్తకం మొదట్లోనే చోటు చేసుకుంది. ఆయన తలపెట్టిన సంస్కరణ ఉద్యమానికి ‘మెంటల్ హైజీన్’ (మానసిక ఆరోగ్య పరిరక్షణ) అన్న పేరు మేయర్ సూచించినదే.

1908లోనే కనెక్టికట్‌లో మెంటల్ హైజీన్ సంఘం, 1909లో దాని జాతీయ కమిటీ ఏర్పడ్డాయి. ఆచితూచి, స్థానికంగా పనిచేయాలన్న మేయర్‌కూ, దేశమంతటా విస్తరించాలన్న బీర్స్‌కూ పొసగలేదు. 1910లో మేయర్ తప్పుకున్నారు. నిధుల కొరత తీవ్రంగా ఉన్న దశలో దాత హెన్రీ ఫిప్స్ ఇచ్చిన 50 వేల డాలర్లు కమిటీని నిలబెట్టాయి. 1912లో మనోవైద్యుడు థామస్ సాల్మన్ చేరాక రాష్ట్రాలవారీగా రోగుల సంరక్షణపై సర్వేలు సాగాయి. 1913లో న్యూహేవెన్‌లో మానసిక రోగులకు ఔట్‌పేషెంట్ క్లినిక్ మొదలైంది. దాతలను ఒప్పించడం, నిధులు కూడగట్టడం బీర్స్ వంతయ్యాయి.

నిపుణుల అండతో సంస్థకు పరపతి వచ్చింది, పగ్గాలూ వారి చేతికే వెళ్లాయి. ఆసుపత్రుల సంస్కరణ వెనకబడి, పిల్లల మానసిక ఆరోగ్యం, వ్యాధి నివారణ ముందుకొచ్చాయి. ఉద్యమంలోని కొందరు సుప్రజనన వాదాన్ని (‘మంచి’ వంశలక్షణాలున్నవారే సంతానం కనాలన్న వాదం), నిర్బంధ సంతాన నిరోధక శస్త్రచికిత్సలను సమర్థించారు. రోగుల హక్కుల కోసం పుట్టిన ఉద్యమానికి ఇది మాయని మచ్చ.

1930లో వాషింగ్టన్‌లో జరిగిన తొలి అంతర్జాతీయ మెంటల్ హైజీన్ మహాసభ బీర్స్ కృషికి పరాకాష్ఠ. 1939లో ఆయన మళ్లీ ఆసుపత్రిలో చేరి, 1943లో అక్కడే మరణించారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైన్యంలో చేరడానికి అంతరాత్మ ఒప్పక, బదులుగా మానసిక చికిత్సాలయాల్లో సహాయకులుగా పనిచేసిన యువకులు అక్కడి దుస్థితిని మరోసారి బయటపెట్టారు. వారు స్థాపించిన సంస్థ 1950లో జాతీయ కమిటీతో విలీనమైంది. మాజీ రోగులే నడిపే సంఘాలు మాత్రం 1970 దశకంలో గానీ బలపడలేదు. నిపుణుల మద్దతు విధానానికి బలమిస్తుంది. కానీ రోగులకు నిర్ణయాధికారంలో వాటా లేకపోతే వార్డులోని వాస్తవం మళ్లీ మరుగున పడుతుందని బీర్స్ ఉద్యమ చరిత్ర రుజువు చేస్తోంది.