తరవాణి కుండకు మేత

మా అమ్మమ్మ వంటింట్లో పొయ్యికి ఎదురు మూల తరవాణి కుండది. కుదురు మీద, పైన ఇత్తడి పళ్ళెం మూతతో ఉండేది. సిబ్బి అడ్డుపెట్టి వార్చిన గంజి చల్లారాక అందులో పోసేది, రాత్రి మిగిలిన అన్నమూ అందులోకే. పొద్దున మూత తీస్తే ఆ పులుపు వాసనకి నేను ముక్కు మూసుకునేవాణ్ణి. తాతయ్యకి నోరూరేది. పళ్ళన్నీ ఊడిపోయాయి కాబట్టి అమ్మమ్మ ఉల్లిపాయని రోట్లో చితక్కొట్టి పెట్టేది. అన్నం వేళ్ళతో మెదిపి, ఉప్పేసుకుని, అది నంజుకుంటూ తినేవాడు.

చద్ది మనకి పాతదే. పదిహేనో శతాబ్దంలోనే పోతన భాగవతంలో కృష్ణుడు గోపబాలుర మధ్య కూచుని చల్దులు ఆరగించాడు, ఊరగాయలతో సహా. వాటిలో మిరపకారం మాత్రం ఉండే వీల్లేదు. మిరప పోర్చుగీసువాళ్ళతో ఆ తర్వాత వచ్చింది.

వండిన అన్నం చల్లారితే అందులో పిండి కొంత బిగుసుకుని, చిన్నపేగులో అరక్క పెద్దపేగు దాకా పోతుంది. ఉల్లిలోని ఫ్రక్టాన్లూ అంతే. అక్కడి సూక్ష్మజీవులు వాటిని తిని బ్యుటిరేట్ లాంటి ఆమ్లాలు వదులుతాయి. పేగు గోడకి అదే తిండి. ముసలితనంలో బైఫిడో జాతి సూక్ష్మజీవులు తగ్గుతాయి కనక ఈ మేత ముసలివాళ్ళకి మరీ అవసరం. దీనికి 'ప్రీబయోటిక్' అని 1995లో గిబ్సన్, రోబర్‌ఫ్రాయిడ్ పేరు పెట్టారు. అలాగని చద్దన్నం తింటే షుగరు రాదనే వాళ్ళని నేను నమ్మను. అలా బిగుసుకునే పిండి కొంచెమే, మిగతాదంతా మామూలు అన్నమే.

తరవాణి పోయిందంటే అందరూ కాఫీ, ఇడ్లీల్ని తిడతారు. నేను కుక్కర్ని తిడతాను. కుక్కర్ అన్నానికి వార్చే పని లేదు, గంజి లేదు. గంజి లేకపోతే కుండకి మేతేదీ? మా ఇంట్లో కుక్కర్ వచ్చిన కొన్నాళ్ళకే ఆ కుండ పెరట్లోకి వెళ్ళింది, అందులో తులసి మొలిచింది.

ఇప్పుడు నాకు అరవై ఎనిమిది. మలబద్ధకానికి డాక్టరుగారు ఇన్యులిన్ అనే ఫ్రక్టాన్ పొడి రాశారు. దేన్నించి తీస్తారండీ అని అడిగాను. చికోరీ వేరట. పొద్దున్నే చద్ది మానేసి మేం తాగడం మొదలెట్టిన కాఫీ పొడిలో కలిపేదీ ఆ వేరే.