గంట, పూట, గడువు

'సమయాన్ని ఖర్చు చేశాడు', 'సమయం ఆదా అయింది', 'సమయాన్ని వృథా చేయకు' - ఇంగ్లీషు పలుకుబళ్లు ఇలా మన కథల్లోకి విరివిగా వస్తున్నాయి. భాషాభిమానులు ఇవి తెలుగు కాదని కొట్టిపారేస్తారు. నిజమే. అంతటితో ఆగితే మాత్రం వాటి వెనకనున్న చరిత్ర చేతికందదు.

కాలమే డబ్బు అన్న మాటను బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1748లో ఒక యువ వ్యాపారికిచ్చిన సలహాలో రాశాడు. శ్రమను గంటల లెక్కన కొనడం పెరిగేకొద్దీ అది సామెతగా పాతుకుపోయింది.

మన వైపు పంచాంగానికి రోజుకు 60 గడియలు. పల్లెలో ఆ లెక్క కూడా తక్కువే. కోడి కూత, బారెడు పొద్దు, మాపటేళ - ఇవే కొలతలు. 'గంట' మొదట మోగే వస్తువు; తర్వాత దాని మోతే కొలత అయింది. విజయనగరంలో గంట స్తంభం 1885లో లేచింది. 1890లలో రైలు వచ్చింది. ఆనాటి రైలుది మద్రాసు టైము. ఇక్కడ సూర్యుడు మద్రాసులో కంటే సుమారు 12 నిమిషాలు ముందే నడినెత్తికి వస్తాడు. పొద్దు చూసుకుని స్టేషనుకు పోయినవాడు అక్కడ కూర్చోవలసిందే! 1906లో భారత ప్రామాణిక కాలం వచ్చింది. నెల్లిమర్ల, చిట్టివలస జూట్ మిల్లులు మనిషిని షిఫ్టుకు కట్టేశాయి.

ఊళ్లో కూలి మనిషి మాట వేరు. 'పూట గడవడం లేదు' అంటాడు. పూట అంటే సగం రోజు, ఒక తిండి కూడా. ఇంగ్లీషు వాక్యంలో మనిషి కర్త, కాలాన్ని ఖర్చు పెడతాడు. ఇక్కడ కర్త పూట. గడిస్తే అది గడవాలి, మనిషి చేతిలో ఏమీ లేదు. 'గడువు' కూడా ఈ గడవడం నుంచి వచ్చిందే. కూలికి గడవని కాలం షావుకారుకు నిద్రలో కూడా గడిచి వడ్డీ తెస్తుంది. ఫ్రాంక్లిన్ పేరు వినకుండానే అతనికి కాలం డబ్బని తెలుసు; సామెత చెప్పలేదు, పద్దు రాసుకున్నాడు. కాళీపట్నం రామారావు 'యజ్ఞం'లో అప్పల్రాముడి అప్పు ఈ రెండు మాటల నడుమే పెరిగింది.

అలాగని పొద్దు లెక్క మంచిదనీ, గంట లెక్క పరాయిదనీ నేననను. పొద్దు లెక్కలో పాలేరు పని కోడి కూతతో మొదలై, రైతు చాలనేదాకా సాగేది. ఎంత చేశాడో చెప్పుకోవడానికి అతనికి కొలతే లేదు. యజమాని మోగించిన గంటతోనే కార్మికుడు తన పనిని కొలిచి చూపాడు. 1886 మే నెలలో షికాగో కార్మికులు అడిగింది ఎనిమిది గంటల పని. మన ఫ్యాక్టరీల చట్టంలోకి వారానికి 48 గంటల పరిమితి 1946లో వచ్చింది. 'ఎనిమిది గంటలు' అన్న పలుకుబడి పరాయిదని ఏ కార్మికుడూ విడిచిపెట్టలేదు.

అందుచేత ఏ మాట ఎవరి నోట పెడుతున్నామన్నది రచయిత చూసుకోవాలి. మిల్లు మేనేజరు 'సమయం వృథా' అంటే ఒప్పుకోవచ్చు, అతని లెక్క అదే. పంచాయితీ ఆఫీసు చుట్టూ తిరిగి ఖాళీ చేతులతో ఇల్లు చేరిన శ్రీకాకుళం కూలి మనిషి చేత కూడా అదే మాట అనిపిస్తున్నారు. అతననేది 'పూట కూలి పోనాది' అని.